హనోయిలో చా కా తినాలంటే ఏ గుమ్మం ఎక్కాలి?

వియత్నాం ప్రయాణం పెట్టుకున్న తెలుగువాళ్లు హనోయి గురించి అడిగే ప్రశ్నల్లో తిండికి సంబంధించినది ఒకటి తప్పకుండా ఉంటుంది. పసుపు పట్టించి బొగ్గుల మీద కాల్చిన చేప ముక్కలను, సోయికూర, ఉల్లికాడలతో కలిపి మన కళ్లెదుటే, మనం కూర్చున్న బల్ల మీదే వేయించి వడ్డిస్తారట కదా, ఆ వంటకాన్ని దాని పుట్టిల్లుగా చెప్పుకునే పాత హోటల్లోనే తినాలా, లేక ఇప్పుడు అందరూ మెచ్చుకుంటున్న కొత్త చోటికి వెళ్లాలా అన్నది ఆ ప్రశ్న. ఉద్యోగరీత్యా ఆ నగరంలో కొన్ని నెలలు గడిపి, ఈ వంటకాన్ని అరడజనుకు పైగా చోట్ల తిన్నవాడిగా నేను చెప్పగలిగేది ఏమిటంటే, హోటలు పేరుకన్నా ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి. పెనంలోకి వచ్చేది ఏ చేప అన్నది మొదటిది, ఆ సాయంత్రం మీకు కావలసింది కథా, కడుపునిండా భోజనమా అన్నది రెండోది. ఈ రెండూ తేలితే ఏ గుమ్మం ఎక్కాలన్నది దానంతట అదే తేలుతుంది.

ముందుగా పేర్ల చిక్కు విడదీయాలి. వియత్నామీస్ భాషలో ‘కా’ అంటే చేప, ‘చా కా’ అంటే హనోయిలో ఈ కాల్చి వేయించే చేప. అదే మాటను న్యా చాంగ్, క్వి న్యోన్ వంటి మధ్య తీరపు ఊళ్లలో చెబితే, చేప మాంసాన్ని రుబ్బి ఒత్తిన వడల్లాంటివి తెచ్చి పెడతారు. అవీ రుచిగానే ఉంటాయి గాని, మీరు వెతుక్కుంటూ వచ్చిన వంటకం అది కాదు. ఇక ‘లా వోంగ్’ అనేది పైన చెప్పిన ఆ పాత హనోయి హోటలు పేరు, ఆ పేరే క్రమంగా వంటకానికి కూడా స్థిరపడింది. ‘థాంగ్ లాంగ్’ అనేది 1010లో రాజధానిగా మారిన నాటి నుంచి హనోయికి ఉన్న పాత పేరు. ఆ పేరుతో ఒక ప్రసిద్ధ హోటలు ఉన్నప్పటికీ, దక్షిణ వియత్నాంలోనూ విదేశాల్లోని వియత్నామీస్ హోటళ్లలోనూ వంటకాన్నే ‘చా కా థాంగ్ లాంగ్’ అని రాస్తారు. హ్యూస్టన్‌లోనో శాన్ హోసేలోనో ఉండే మనవాళ్లకు మెనూలో ఆ మాట కనిపిస్తే హనోయి హోటలు అక్కడ శాఖ తెరిచిందని అనుకోనక్కర్లేదు.

ఇప్పుడు పాత హోటలు సంగతి. హోన్ కియెమ్ సరస్సుకు ఉత్తరాన ఉన్న పాత నగరంలో, ఒక్కో వీధికి అక్కడ అమ్మే సరుకు పేరే పెట్టారు. పట్టు అమ్మితే పట్టు వీధి, వెండి అమ్మితే వెండి వీధి. హాంగ్ సన్ అనే వీధిలో ఒకప్పుడు లక్క, రంగులు అమ్మేవారు. ఆ వీధిలో 14వ నంబరు ఇంట్లో దోన్ అనే ఇంటిపేరు గల కుటుంబం ఈ చేపను వండి అమ్మడం మొదలుపెట్టింది. ఆ అమ్మకానికి వచ్చిన పేరు ఎంతటిదంటే చివరికి వీధి పేరే మారిపోయి చా కా వీధి అయింది. వంటకం పేరు వీధికి పెట్టడం మనకు కొత్తేమీ కాకపోవచ్చు గాని, ఒక్క ఇంటి వంట వల్ల వీధి తన పాత పేరును వదులుకోవడం అరుదైన సంగతే.

‘లా వోంగ్’ అంటే చైనా పురాణగాథల్లోని జియాంగ్ జియా అనే వృద్ధుడు. వంపు లేని తిన్నని గాలంతో నది ఒడ్డున కూర్చుని, తన విలువ తెలిసిన రాజు వచ్చేదాకా ఓపికగా ఎదురుచూశాడని ఆయన కథ. గాలం పట్టుకుని కూర్చున్న ఆ వృద్ధుడి బొమ్మను హోటల్లో పెట్టడంతో అదే దాని పేరైంది. ఫ్రెంచివారి మీద తిరగబడిన దె థామ్ మనుషులకు ఈ ఇల్లు ఆశ్రయమిచ్చిందని, తిరుగుబాటుదారులకు ఆ ఇంటివారు వండిపెట్టిన చేపే తరువాత వ్యాపారమైందని చెబుతారు. కాలం కోసం ఎదురుచూసే వృద్ధుడి బొమ్మ ఆ రహస్య మంతనాలకు గుర్తు అని కూడా అంటారు. హోటలు 1871లో పుట్టిందని ప్రచారంలో ఉంది. అయితే ఫ్రెంచివారు హనోయి కోట మీద మొదటిసారి దాడి చేసింది 1873లో, దె థామ్ పేరుతో ముడిపడిన యెన్ థె తిరుగుబాటు మొదలైంది 1884లో. అంటే ఆ సంవత్సరం, ఈ కథ రెండూ ఒకదానితో ఒకటి పొసగవు. కథను కథగా వింటే మాత్రం ఆ ఇరుకైన చెక్క మెట్లు ఎక్కేటప్పుడు ఒళ్లు పులకరిస్తుంది, అందులో సందేహం లేదు.

ఆ హోటల్లో ఎంచుకోవడానికి ఏమీ ఉండదు. ఉన్నది ఒక్కటే వంటకం. కూర్చోగానే మనుషులను లెక్కపెట్టి అన్ని వంతులు తెస్తారు. ఈ పద్ధతి నాకు నచ్చుతుంది, ఎందుకంటే మెనూ పుస్తకం తిరగేస్తూ తర్జనభర్జన పడే పని ఉండదు. అయితే పాతదనానికి కూడా మనం కొంత ధర కడతామన్నది గుర్తుంచుకోవాలి. అలాగే, పాత హోటలు అన్నివేళలా తెరిచే ఉంటుందని అనుకోకుండా, మీరు బస చేసిన చోటి వారిచేత ఫోను చేయించి, చా కా వీధిలోని ఇల్లు నడుస్తోందా, లేక శాఖకు వెళ్లాలా అన్నది ముందే కనుక్కోవడం మంచిది.

ఇలా కనుక్కోకుండా బయలుదేరినందుకే నా మొదటి ప్రయత్నం బెడిసికొట్టింది. ఫిబ్రవరి నెల, హనోయిలో ఆ రోజుల్లో కురిసే సన్నటి తుంపర. టాక్సీ దిగిన చోట అచ్చం అదే పేరులా కనిపించే బోర్డు, గుమ్మం దగ్గర గాలం పట్టుకున్న బొమ్మ కూడా ఉంది. లోపల కూర్చున్నాక పెనంలో వేసిన ముక్కలు నీరు వదిలి, గరిటె తగలగానే పొరలు పొరలుగా విడిపోయాయి. వాటి రుచి ఎక్కడో తెలిసిన రుచి. కాసేపటికి గుర్తొచ్చింది, అది మన దగ్గర ఫంగస్ అని పిలిచే చేప. కృష్ణా, పశ్చిమ గోదావరి చెరువుల్లో పెంచి లారీల్లో దేశమంతా పంపే చేపను తినడానికి నేను హనోయి దాకా వెళ్లానన్నమాట. పక్కనున్న స్నేహితుడు నవ్వాడు, నేను బిల్లు కట్టాను.

అందుకే హోటళ్లను పోల్చేముందు చేపలను పోల్చాలి. ఈ వంటకానికి అసలైన చేప ‘కా లాంగ్’, అంటే మన జెల్లల వంశానికే చెందిన, మీసాలున్న పెద్ద నదిచేప. పొలుసు ఉండదు, సన్న ముళ్లు దాదాపు ఉండవు, మాంసం గట్టిగా ఉండి నమిలితే కాస్త సాగుతుంది. పెనంలో ఎంత కలిపినా ముక్క చెదరదు. ఒకప్పుడు ఉత్తరాది నదుల్లో పట్టేవారు, ఇప్పుడు ఎక్కువగా జలాశయాల్లో పంజరాలు కట్టి పెంచినదే వస్తుంది. రెండో స్థానం ‘కా క్వా’ది. ఇది ఎవరో కాదు, తెలంగాణ రాష్ట్ర చేప అయిన మన కొర్రమీనే. కొర్రమీను కూడా గట్టిదే, రుచిలో దానికి వంక పెట్టలేం గాని, కా లాంగ్‌లో ఉండే కొవ్వు దీనిలో తక్కువ కాబట్టి రెండుసార్లు నిప్పు తగిలేసరికి కొంచెం ఎండినట్టు అవుతుంది. మూడోది ఇందాక చెప్పిన ఫంగస్ లేదా బాసా. చవక కాబట్టి వాడతారు, పసుపు, అల్లం జాతి మసాలా, నూనె కలిసి దాని లోపాన్ని చాలామేరకు కప్పేస్తాయి. ‘కా లాంగ్?’ అని ఒక్క మాట అడిగి జవాబు కోసం ఆగండి. నిజంగా అదే వాడే చోట గర్వంగా అవునంటారు, కొన్నిచోట్ల రెండు రకాల చేపలకు రెండు ధరలు బోర్డు మీదే రాస్తారు. బోర్డు మీద చేప పేరు లేకుండా ధర మరీ తక్కువగా ఉంటే అడగకుండానే అర్థం చేసుకోవచ్చు.

రెండో ఎంపికగా చెప్పవలసింది డ్యూంగ్ థాన్ వీధిలోని ‘చా కా థాంగ్ లాంగ్’. పాత నగరం అంచునే, సరస్సు దగ్గర నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో ఉంటుంది. ఒకే వీధిలో ఒకటికి మించిన భవనాల్లో నడుస్తుంది. మంచి హోటళ్లను ఎంపిక చేసే మిషెలిన్ సంస్థ హనోయికి తన మొదటి జాబితాను ప్రకటించిన 2023లో, అందుబాటు ధరలో మంచి భోజనం పెట్టే చోట్లకు ఇచ్చే బిబ్ గూర్మాన్ గుర్తింపు దీనికి దక్కింది. దాంతో విదేశీయుల తాకిడి పెరిగిందన్నది నిజమే అయినా, కుటుంబాలతో వచ్చే స్థానికులు ఇప్పటికీ కనిపిస్తారు. పెద్ద హాళ్లు, శుభ్రమైన బల్లలు, పెనం దగ్గర నిలబడి మొదటి వాయి తామే కలిపి చూపించే పనివారు ఉండడం వల్ల, మొదటిసారి తినేవాళ్లకు, పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు నేను తడుముకోకుండా చెప్పేది ఈ చోటే. పాత ఇంటి వాసన, గోడల మసి ఇక్కడ దొరకవు, వాటి కోసం వచ్చినవారికి ఇది కొంచెం చప్పగా అనిపించవచ్చు.

మూడో దారి, పాత నగరం దాటి ఉద్యోగులు, స్థానిక కుటుంబాలు ఉండే పేటల్లోకి వెళ్లడం. జాంగ్ వో ప్రాంతంలో పేరున్న ‘చా కా ఆన్ వూ’ ఈ కోవకు చెందినదే. ఆన్ వూ అన్నది కూడా ఒక చేప పేరే, వియెత్ చీ దగ్గర నదుల కూడలిలో దొరికే ఆ చేపను పూర్వం రాజులకు కానుకగా పంపేవారట. వంటకంలో వాడేది మాత్రం ఆ చేప కాదు, ఎవరూ ఆశపడకండి. ఇటువంటి పేటల హోటళ్లలో చేప పేగులు, తిత్తి, చర్మం వంటి భాగాలను విడిగా వేయించి పెడతారు, చేప తలతో పులుసు కాస్తారు. నలుగురైదుగురు కలిసి వెళ్లి, పెనం చుట్టూ రెండు గంటలు కబుర్లు చెప్పుకుంటూ తినాలనుకుంటే ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. చిక్కల్లా భాషతోనే. ఫోనులో అనువాదం పెట్టుకుని వెళ్లాలి, లేదా అక్కడివారు ఎవరైనా తోడుండాలి.

ధర విషయంలో పెద్దగా తలపట్టుకోనక్కర్లేదు. రూపాయికి సుమారు 300 డాంగులు అనుకుంటే, పేరున్న చోట మనిషికి రెండు లక్షల డాంగులకు కాస్త అటూఇటూగా, అంటే మన డబ్బులో దాదాపు 650 నుంచి 700 రూపాయల దాకా అవుతుంది. సేమ్యా, ఆకుకూరలు, పల్లీలు ఆ వంతులోనే కలిసి ఉన్నాయా, మళ్లీ తెప్పించుకుంటే విడిగా లెక్కకడతారా అన్నది మాత్రం ముందే అడగండి.

బల్ల మీద జరిగే తతంగం దగ్గరగా చూడవలసినది. చేప ముక్కలకు పసుపు, దుంపరాష్ట్రం, మిరియాలు, ‘మె’ అనే పులిసిన అన్నపు ముద్ద పట్టించి, వెదురు బద్దల మధ్య బిగించి బొగ్గుల మీద ముందే కాల్చి ఉంచుతారు. ఈ ‘మె’ గురించి వినగానే నాకు మా అమ్మమ్మ ఇంటి తరవాణి కుండ గుర్తొచ్చింది. అన్నాన్ని పులియబెట్టి ఆ పులుపును వంటకు వాడే తెలివి ఇటు గోదావరి ఒడ్డునా ఉంది, అటు ఎర్ర నది ఒడ్డునా ఉంది. చిన్న పొయ్యి మీద నూనె చిటచిటలాడే పెనంలో కాల్చిన ముక్కలు వేస్తారు. నూనె పసుపురంగు తిరగ్గానే గుప్పెళ్ల కొద్దీ సోయికూర, నిలువుగా చీల్చిన ఉల్లికాడలు పైన కుప్పపోస్తారు. ఆ కుప్ప పెనం అంచు దాటి నిలబడి ఉంటుంది, అరనిమిషంలో కుంగి చేప చుట్టూ చుట్టుకుంటుంది. ఇక్కడే ఆలస్యం చేయకూడదు. ఆకు ఇంకా పచ్చగా ఉండి, కాడ మాత్రం మెత్తబడ్డ క్షణంలో గిన్నెలోకి తీసుకోవాలి. ‘బూన్’ అనే తెల్లని బియ్యపు సేమ్యాను కొద్దిగా అడుగున వేసి, దాని మీద చేప, ఆకు, వేయించిన పల్లీలు, పుదీన వేసి, ఒక చెంచా వేడి నూనె కూడా పెనంలోంచి తీసి పోసుకుంటే, అప్పుడు దాని అసలు రుచి తెలుస్తుంది. గిన్నె నిండా ఒకేసారి నింపుకునేవాళ్లు చల్లారిన చేప తింటారు, కాబట్టి రెండు మూడు ముద్దలకు సరిపడా మాత్రమే కలుపుకుంటూ పోవాలి.

మిగిలిన పెద్ద ఎంపిక నంజుకునేదాని గురించి. సంప్రదాయం ప్రకారం ‘మామ్ తోమ్’, అంటే రొయ్యలను ఉప్పేసి పులియబెట్టిన ఊదారంగు ముద్ద. దానిలో నిమ్మరసం, చక్కెర, మిరపకాయ, కొందరైతే ఒక చుక్క నాటు మద్యం వేసి, నురుగు పొంగేదాకా చెంచాతో గిలకొడతారు. వాసన సంగతి దాచి ప్రయోజనం లేదు. ఎండు రొయ్యలు, ఎండు చేపలు ఇంట్లో వండుకునే మన కోస్తావాళ్లు కూడా మొదటిసారి ముక్కు చిట్లిస్తారు. కాని సోయికూర ఘాటుకు, చేప కొవ్వుకు ఎదురునిలిచి రుచిని సరిదిద్దేది అదే. అది లేకుండా తింటే వంటకం సగమే తిన్నట్టు. వద్దనుకునేవారికి ‘నుక్ మామ్’ అనే చేప రసంతో చేసిన తేలిక నంజు ఇస్తారు. నా సలహా, రెండూ అడగండి, మొదటి ముద్ద నుక్ మామ్‌తో, మూడో ముద్ద మామ్ తోమ్‌తో తినండి. పూర్వం మామ్ తోమ్‌లో ‘కా కుఓంగ్’ అనే పెద్ద నీటిపురుగు నుంచి తీసిన సువాసన ద్రవం ఒక్క బొట్టు వేసేవారు, ఇప్పుడు అది దొరకడం బహు అరుదు. మన పాఠకుల్లో కొందరికి ఆ మాట విన్నాక ఊరట కలగవచ్చు.

శాకాహారులకు ఈ హోటళ్లు పనికిరావు, మొహమాటానికి తోడు వెళ్లి సేమ్యా, పల్లీలు తిని రావడం వల్ల ఎవరికీ సుఖం లేదు. పంది కొవ్వు తినని వారు పెనంలో పోసేది నూనెనా, కొవ్వా అని అడిగి తీరాలి, ఎందుకంటే పాత పద్ధతిలో కొవ్వు వాడేవారు. రొయ్య పడనివారు మామ్ తోమ్ గిన్నెను బల్ల మీదకే రానివ్వకూడదు. అంతేకాక, చేపకు పట్టించే మసాలాలోనూ అది కలిపారేమో కనుక్కోవాలి.

వేళ కూడా ఎంపికలో భాగమే. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా హనోయిలో చలి ఉంటుంది, బల్ల మీద రగిలే పొయ్యి అప్పుడు వరంలా అనిపిస్తుంది. జూన్, జూలైల్లో అదే పొయ్యి ముందు కూర్చుంటే చెమట ధారలు కడుతుంది, ఆ నెలల్లో వెళ్లేవాళ్లు పాత ఇంటి మేడ మీద పట్టుదలకు పోకుండా చల్లగదులున్న చోటే చూసుకోవాలి. ఒక్క పూట మాత్రమే చేతిలో ఉంటే థాంగ్ లాంగ్‌కు వెళ్లి, భోజనం అయ్యాక చా కా వీధిలో నడిచి 14వ నంబరు ఇంటిని చూసి రండి, కథా భోజనమూ రెండూ దక్కుతాయి. రెండు పూటలు ఉంటే మొదటిది పాత ఇంటికి, రెండోది పేట హోటలుకు ఇవ్వమంటాను, తేడా నాలుకకే తెలుస్తుంది.

చివరిగా బట్టల సంగతి. పసుపు నూనె చిందితే మరక వదలదు, కాబట్టి తెల్ల చొక్కా వేసుకోకండి. పొయ్యి పొగ, సోయికూర, మామ్ తోమ్ కలిసిన వాసన జుట్టుకూ కోటుకూ పట్టి మర్నాటిదాకా వెంటే ఉంటుంది. తిరుగు విమానం ఎక్కే రాత్రికి మాత్రం ఈ భోజనం పెట్టుకోకండి, నేను పెట్టుకున్నాను, పక్క సీట్లోని పెద్దాయన హైదరాబాదు వచ్చేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు.